‘సెట్లర్’ అన్న మాటకు తెలుగులో ఏమనాలి? డోరిస్ లెస్సింగ్ ఆత్మకథ గురించి ఒక సందేహం

పెన్నాతీరం, నెల్లూరు

అందరికీ నమస్కారం. మా ఊళ్లో నెలకొకసారి పది పన్నెండు మందిమి ఒకచోట కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకునే అలవాటు ఉంది. వచ్చే నెల వంతు నాది. ఇంగ్లీషు రచయిత్రి డోరిస్ లెస్సింగ్ ఆత్మకథ మొదటి సంపుటం ‘అండర్ మై స్కిన్’ను ఎంచుకున్నాను. మా వాళ్లలో సగం మందికి ఇంగ్లీషులో నాలుగు వందల పేజీలు చదివే తీరిక లేదు కాబట్టి, ముఖ్యమైన ఘట్టాలను నా మాటల్లో కుదించి, ఇరవై పేజీల ప్రతిగా తీసి, ముందే పంచిపెడదామని కూర్చున్నాను. మొదటి పేరాలోనే ఇరుక్కుపోయాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పుస్తకం చదవని వారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. లెస్సింగ్ 1919 అక్టోబరు 22న పర్షియా (నేటి ఇరాన్)లోని కెర్మాన్‌షాలో పుట్టారు. తండ్రి ఆల్ఫ్రెడ్ టేలర్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి. తల్లి ఎమిలీ మాడ్ లండన్ ఆసుపత్రిలో ఆయనకు సేవ చేసిన నర్సు. ఆయన పర్షియాలో బ్యాంకు ఉద్యోగం చేసేవారు. ఆ ఉద్యోగం నుంచి సెలవు మీద ఇంగ్లండు వెళ్లినప్పుడు, వెంబ్లీలో 1924లో పెట్టిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో దక్షిణ రొడీషియా (నేటి జింబాబ్వే) వారి విభాగం చూసి, మొక్కజొన్న వేస్తే చాలు, నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చునన్న ప్రచారాన్ని నమ్మి, 1925లో భార్యనూ, అయిదేళ్ల కూతురినీ, ఆమె తమ్ముడినీ వెంటబెట్టుకుని ఆఫ్రికా చేరుకున్నారు. సాలిస్‌బరీకి (నేటి హరారే) వాయవ్యంగా, లోమగుండి జిల్లాలో బాంకెట్ అనే ఊరి దగ్గర వెయ్యి ఎకరాల లెక్కలో అడవి పొలం తీసుకున్నారు. అప్పు మాత్రం ఆ పొలాన్ని ఎప్పుడూ విడిచిపెట్టలేదు.

నాకు బాగా పట్టుబడిన భాగం ఆ ఇంటి వర్ణన. ఒక గుట్ట మీద గుంజలు పాతి, మట్టి మెత్తి, పైన గడ్డి కప్పి ఇల్లు కట్టుకున్నారు; పుట్టమన్నూ పేడా కలిపి నేల వేసుకున్నారు; కిరోసిన్ డబ్బాలు వచ్చిన చెక్కపెట్టెలను అల్మరాలుగా పేర్చుకున్నారు; పిండిసంచులకు రంగు అద్ది తెరలుగా కట్టుకున్నారు. కొద్ది ఏళ్లలో సంపాదించుకుని ఇంగ్లండుకు తిరిగిపోదామన్న ఆలోచనతో కట్టిన ఆ తాత్కాలికపు ఇంట్లోనే దాదాపు ఇరవై ఏళ్లు గడిపారు. చూరు చెదలు తింటూ ఉంటే, లోపల ఒక పియానో ఉండేది. ఈ భాగం రాసేటప్పుడు నాకు ఒక్క మాట కూడా వెతుక్కోవలసిన అవసరం రాలేదు. మన అమ్మమ్మల ఇళ్ల సామగ్రే అది.

ఇక నా చిక్కు చెబుతాను. ఆ కుటుంబాన్ని ఇంగ్లీషులో ‘సెట్లర్లు’ అంటారు. దీన్ని తెలుగులో ఏమనాలి? ‘వలస కుటుంబం’ అంటే, కనిగిరి, పామూరు వైపు నుంచి ఇంటికి తాళం వేసి, ముసలివాళ్ల దగ్గర పిల్లలను వదిలి, బెంగుళూరుకో హైదరాబాదుకో తాపీపనికి పోయే కుటుంబం పాఠకుడి కళ్ల ముందు మెదులుతుంది. ఆ జాలి ఇక్కడ పొరపాటు జాలి అవుతుంది. ‘వలసపాలకులు’ అందామంటే, కొయ్యకాలు ఈడ్చుకుంటూ, పంట పోయినప్పుడల్లా బంగారు గని ఎక్కడైనా తగులుతుందేమోనని చేతిలో పుల్ల పట్టుకుని పొలమంతా తిరిగే ఆ మనిషి ఏం పాలించాడని? ‘ఆక్రమణదారు’ అన్న మాట చెరువు పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడికి తాసీల్దారు కార్యాలయం నుంచి వచ్చే నోటీసులో ఉంటుంది. పోనీ ‘సెట్లర్’ అనే ఉంచుదామంటే, మన చెవికి అది నిజామాబాదుకో, సింధనూరుకో పోయి పొలాలు కొనుక్కున్న మన జిల్లాల రైతు.

రెండో సందేహం దీనికి అతుక్కునే ఉంది. 1930లో ఆ దేశంలో వచ్చిన భూవిభజన చట్టం దాదాపు సగం భూమిని పిడికెడు మంది తెల్లవాళ్లకు రాసిచ్చి, ఆఫ్రికన్లను వారికని విడిగా కేటాయించిన ‘రిజర్వు’ల్లోకి నెట్టింది. ఆ ఏడు ఈ పిల్లకు పదకొండేళ్లు నిండవస్తున్నాయి. ఆమె మాత్రం చిరుతపులి జాడలు, గడ్డి తగలబడే వాసన, తండ్రి సాయంత్రం ఇంటి ముందు కూర్చుని చూసే కొండల వరస, వీటి మధ్య పెరుగుతోంది. ఈ చట్టం సంగతి నేను ముందే ఒక పీఠికలో చెప్పాలా, లేక పాఠకుణ్ణి కూడా ఆ పిల్ల కళ్లతోనే నడవనివ్వాలా? పెద్దలు తోచింది చెప్పగలరు.

క్యాంపు బిడ్డ, ఒంగోలు

పెన్నాతీరం గారూ, మీరు తప్పించుకుందామనుకుంటున్న ఆ సెట్లర్ను నేనే. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తే మన్నించండి.

మా తాతగారిది కందుకూరు ప్రాంతం. తుంగభద్ర కాలువలు పారడం మొదలైన తరవాత, ఇక్కడి ఆరెకరాల మెట్ట అమ్మి, ఆ డబ్బుతో సింధనూరు తాలూకాలో ఇరవై ఎకరాల పైన నల్లరేగడి కొన్నారు. అలా వచ్చిన మనవాళ్లు కట్టుకున్న పల్లెలను అక్కడ ‘క్యాంపులు’ అంటారు. యాభై ఏళ్లు దాటినా, డాబాలు లేచినా, వాటి పేరు క్యాంపులే. నేను పుట్టింది అక్కడ. మొదట్లో మా ఇల్లు కూడా జొన్నచొప్ప కప్పిన మట్టి ఇల్లేనని, రెండు పంటలు చేతికొస్తే పాత ఊరికి తిరిగిపోదామని మా నాయనమ్మ సామాను మూటలు విప్పకుండా ఏడాది ఉంచిందని చెప్పేవారు. ఆ పుస్తకంలో తాత్కాలికపు ఇంటి సంగతి చదివినప్పుడు నాకు మా నాయనమ్మ ఇనప్పెట్టె గుర్తుకొచ్చింది.

అయితే నేను చెప్పదలచింది ఈ పోలిక కాదు. మా పొలంలో నాట్లకు వచ్చే కన్నడ ఆడవాళ్లలో ఒకావిడ ఉండేది. గట్టు మీది వేపచెట్టు దగ్గరకు రాగానే చెప్పులు విడిచి, ఒక్క క్షణం నిలబడి, మడిలోకి దిగేది. నాయనమ్మ ఆమెకు మజ్జిగ పోసే సత్తుగ్లాసు విడిగా చూరులో ఉండేది. చిన్నప్పుడు నాకు ఆమె నచ్చేది. రేగిపళ్లు తెచ్చి పెట్టేది కాబట్టి. కాలేజీ చదువుకు వచ్చాక ఒకసారి బ్యాంకు లోను పని మీద పొలం దస్తావేజు తీసి చదివాను. అమ్మినవాడి పేరు ఆమె మగడి పేరు. అప్పులకు తాళలేక అమ్ముకున్న చేలోనే ఆ ఇల్లాలు పదిహేనేళ్లు మాకు నాట్లు వేసింది. మా ఇంట్లో పెద్దలందరికీ ఆ సంగతి తెలుసు. దాచిపెట్టాలన్న ఉద్దేశమూ ఎవరికీ లేదు. చెప్పదగిన సంగతిగా ఎవరికీ తోచలేదు, అంతే.

మేము డబ్బిచ్చి కొన్నాం. మా వెనక సైన్యం లేదు, చట్టం మా రంగు చూసి మాకు సగం రాష్ట్రం రాసివ్వలేదు. రొడీషియాతో మా క్యాంపును కలిపి కట్టడం అన్యాయమని నాకు తెలుసు. అన్యాయం రెండు వైపులా ఉంటుంది. ఆ వేపచెట్టు కింద ఆమె ఎందుకు ఆగేదో నేను ఎన్నడూ అడగలేదు కదా, ఆ అడగకపోవడం మాత్రం టేలర్ల ఇంటి పిల్లదీ నాదీ ఒకే రకం. లెస్సింగ్ ఆ పిల్లతనపు గుడ్డితనాన్ని పెద్దయ్యాక వచ్చిన తెలివితో పూడ్చకుండా అలాగే వదిలేశారు. నాకు ఆ పుస్తకంలో అదే ఎక్కువ నచ్చింది. కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా సమాధానం, పీఠిక వద్దు. పిల్ల కళ్లతోనే నడవనివ్వండి.

మొదటి ప్రశ్నకు నా సలహా, ‘సెట్లర్’ అనే మాటను మార్చవద్దు. ఆ మాట వినగానే మీ సభలో ఒకరిద్దరు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. మన జిల్లాల్లో అటో ఇటో పోయిన చుట్టం లేని ఇల్లు తక్కువ. పుస్తకం మనకు దగ్గర కావడానికి ఆ ఇబ్బంది ఉపయోగపడుతుంది.

గుండ్లకమ్మ, అద్దంకి

క్యాంపు బిడ్డ గారు రాసినది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా ఆయన సలహాతో ఏకీభవించలేను. ముప్పై ఏళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పినదాన్ని కాబట్టి ఈ చాదస్తాన్ని భరించండి.

మాట దగ్గరైనంత మాత్రాన అర్థం దగ్గర కాదు. ‘సెట్లర్’ అని ఉంచితే ఆ తెల్ల కుటుంబం మన చుట్టం అయిపోతుంది, వారి వెనక ఉన్న తుపాకీ కనబడకుండా పోతుంది. ఒకటి గమనించండి. మన దేశాన్ని ఇంగ్లీషువాళ్లు ఏలారు, దోచారు, కాని ఇక్కడ కాపురం పెట్టి భూమి దున్నుకుందామని కుటుంబాలతో గుంపులుగా రాలేదు. కలెక్టరు వచ్చి, ఉన్నన్నాళ్లు ఉండి, పింఛనుతో వెళ్లిపోయాడు. ఒంగోలులో అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారు దశాబ్దాల పాటు ఉన్నారు, ఆయనా జీవితకథ చెప్పుకున్నారు, కాని ఆయన పొలం కొనుక్కున్న రైతు కాదు. అందువల్లనే రొడీషియా, కెన్యా వంటి చోట్ల జరిగినదానికి మన భాషలో సిద్ధంగా మాట లేదు. మనకు అనుభవం లేని చోట మాట కూడా ఉండదు. దానికి సిగ్గుపడనక్కరలేదు.

పైగా మన నెల్లూరు సీమలో ఈ ఇంగ్లీషు మాటకు వేరే చరిత్ర ఉంది. కావలిలో పాతవాళ్లను ‘సెటిల్‌మెంటు’ అంటే ఏమిటని అడిగి చూడండి. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, హాజరు వేయించి, కదలనివ్వకుండా కట్టడి చేసిన చోటు అది. అమెరికన్ బాప్టిస్టు మిషను నిర్వహించింది. అక్కడ ‘సెటిల్’ అయినవాళ్లు తమంతట తాము సెటిల్ కాలేదు, చేయబడ్డారు. రెవెన్యూవాళ్ల సర్వే సెటిల్‌మెంటు ఇంకొకటి. తగవులు తీర్చి వాటా కొట్టేవాళ్ల సెటిల్‌మెంట్ల గురించి చెప్పనే అక్కరలేదు. ఇన్ని బరువులున్న మాటను ఆ పిల్ల నెత్తిన పెట్టవద్దు. తేలికగా, ఉన్నదున్నట్టు ‘తెల్ల రైతు కుటుంబం’ అనండి. ‘రైతు’లో వారి అప్పు, చెమట, చెదలు తిన్న చూరు వస్తాయి. ‘తెల్ల’లో 1930 చట్టం వస్తుంది.

మీరు అడగని విషయం ఒకటి. మీ ఇరవై పేజీల్లో తల్లికి ఎన్ని ఇస్తున్నారు? నన్నడిగితే ఈ పుస్తకంలో రొడీషియా కంటె పెద్ద దేశం ఆ తల్లి. ఆఫ్రికా ప్రయాణానికి ముందు, పర్షియా నుంచి రష్యా మీదుగా రైల్లో ఇంగ్లండు వస్తున్నప్పుడు, ఆవిడ తిండి కొనడానికి ఒక స్టేషన్లో దిగితే రైలు కదిలిపోయింది. తరవాత వచ్చి కలుసుకుంది కాని, నాలుగైదేళ్ల పిల్ల మనసులో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పొలానికి వచ్చిన కొత్తలో అదే తల్లి గుండె జబ్బని చెప్పి మంచం ఎక్కి, నెలల తరబడి దిగలేదు. పిల్లలను పిలిచి తనను చూసి జాలిపడమనేది. ఆ తరవాత ఒకనాడు లేచి, నడుం బిగించి, ఇల్లు చక్కదిద్దుకుని, లండన్ నుంచి పుస్తకాల పార్శిళ్లు తెప్పించి పిల్లలకు చదువు చెప్పింది. కూతురు రచయిత్రి కావడానికి ఆ పార్శిళ్లే మూలం. అయినా కూతురు ఆమెను క్షమించదు. క్షమించలేకపోయానన్న సంగతిని కూడా దాచదు.

మన పాఠకులకు ఇది మింగుడుపడదు. కన్నతల్లి గురించి ఇలా రాయవచ్చా అని మీ సభలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అందులో సగం మంది, ఆవిడ 1943లో మొదటి భర్తతో విడిపోయినప్పుడు ఇద్దరు పసిపిల్లలను అక్కడే వదిలేసి వచ్చిన ఘట్టానికి వచ్చేసరికి పుస్తకం మూసేస్తారు. దయచేసి ఆ ఘట్టాన్ని మెత్తబరచకండి. ఆవిడ వాదించదు, వేడుకోదు. ఎందుకు చేసిందో తనకు తోచినంత చెప్పి ముందుకు వెళ్లిపోతుంది. తన మీద ఇతరులు జీవితచరిత్రలు రాయబోతున్నారని తెలిసి, తన మాట తానే ముందు చెప్పుకోవాలని ఈ పుస్తకం మొదలుపెట్టినట్టు ఆవిడే రాసుకున్నారు. అటువంటి మనిషి తనకు అనుకూలంగా ఎంత తక్కువ రాసుకున్నదో చూడండి.

మెట్టపొగాకు, కొండపి

మాస్టారూ, మేడం గారూ, మీరిద్దరూ పుస్తకాన్ని మెచ్చుకుంటున్నారు కాబట్టి, ఎదురు చెప్పేవాడు కూడా ఒకడుండాలి.

మాకు ఆ దేశం పేరు ఏటా వినబడుతుంది. పొగాకు వేలం కేంద్రంలో ధర దిగినప్పుడల్లా, జింబాబ్వేలో పంట బాగా వచ్చిందటండీ అని కొనేవాళ్లు చెబుతారు. అక్కడి తెల్లవాళ్ల పొలాల్లో పండిందీ, మా బ్యారన్లలో ఆరబెట్టేదీ ఒకే వర్జీనియా పొగాకు. 1965లో ఆ దేశపు తెల్లవాళ్లు ఇంగ్లండును ధిక్కరించి సొంతంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, దాని సరుకు మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పెట్టిందని మా నాన్న చెప్పేవారు. కాబట్టి బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని కూర్చుని వేడి చూసేవాడు ఎవడో, ఆకు కొట్టేవాడు ఎవడో, కర్రలకు అల్లేవారు ఎవరో నాకు చెప్పనక్కరలేదు. నేను ఈ పుస్తకంలో వెతికింది ఆ మనుషులను. వంటవాడుగా, ఇంటిపనివాడుగా, పొలంలో గుంపుగా కనబడతారు. తండ్రి కొయ్యకాలికి దొరికినంత చోటు వాళ్లందరికీ కలిపి దొరకలేదు.

1890లో సెసిల్ రోడ్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి కంపెనీ మనుషులు ఆ నేల మీదకు వచ్చారు. 1896, 97 సంవత్సరాల్లో అక్కడి షోనా, ఎండెబెలే జనం తిరగబడ్డారు. 1898లో నెహాండా అనే పూనకపు పెద్దమ్మను ఉరితీశారు. టేలర్లు బండి దిగింది 1925లో. మధ్య ఒక తరం కూడా గడవలేదు. ఆ గుట్ట మీద ఇంటికి గుంజలు పాతిన కూలీల్లో నడివయసువాళ్లకు అదంతా కళ్లారా చూసిన సంగతి. వాళ్లకు ఆ గుట్ట ఏమిటో, దానికి ముందు ఏ పేరుండేదో పుస్తకం చెప్పదు. పిల్ల కళ్లు అంటున్నారు, సరే, రాసేనాటికి ఆవిడకు డెబ్భై దాటాయి కదా. పీఠిక వేయండి మాస్టారూ. పెద్దక్షరాలతో వేయండి.

గుండ్లకమ్మ, అద్దంకి

మెట్టపొగాకు గారి కోపం న్యాయమైనదే. ఒక్క సవరణ మాత్రం చెబుతాను. ఆ మనుషుల పట్ల జరిగినదాన్ని ఆవిడ చెప్పలేదనకండి. ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పారు. 1950లో వచ్చిన తొలి నవలే ఒక తెల్ల ఇల్లాలికీ, నల్ల పనివాడికీ మధ్య జరిగిన కథ. 1956లో దక్షిణ రొడీషియా, దక్షిణాఫ్రికా ప్రభుత్వాలు రెండూ ఆవిడను అడుగుపెట్టనివ్వని జాబితాలో చేర్చాయి. 1980లో జింబాబ్వే ఏర్పడ్డాక, 1982లో గాని మళ్లీ తాను పెరిగిన నేలను చూడలేకపోయారు. 2007లో నోబెల్ వచ్చినప్పుడు చేసిన ప్రసంగంలో కూడా ఎక్కువగా మాట్లాడింది అక్కడి పల్లెబడుల్లో పుస్తకాల కోసం మొహంవాచి ఉన్న పిల్లల గురించే. ఇంత తెలిసిన మనిషి, ఆత్మకథలో తన చిన్నతనానికి ఆ తెలివిని అరువివ్వలేదు. అరువిచ్చి ఉంటే మనం మెచ్చుకునేవాళ్లం, ఆ పిల్ల మాత్రం అబద్ధమయ్యేది.

మన వైపే చూద్దాం. నెల్లూరు జిల్లా పెద్దరైతుల ఇళ్లల్లో పుట్టినవాళ్లు చిన్ననాటి ముచ్చట్లు చెప్పుకుంటే, మామిడితోట కాపలాకు ఒక యానాది ఉంటాడు. ఎలుకలు పడతాడు, చేపలు తెచ్చిస్తాడు, పిల్లలకు పిట్టల పేర్లు నేర్పుతాడు. అతని పేరేమిటని అడిగితే చెప్పేవాడు తడుముకుంటాడు. తడుముకున్నానని రాసేవాడు ఇంకా అరుదు.

పెన్నాతీరం, నెల్లూరు

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను. ఈలోగా చిత్తుప్రతి ఒకటి పూర్తి చేశాను.

మాట విషయంలో గుండ్లకమ్మ మేడం గారి సలహా తీసుకున్నాను. మొదటి నుంచి చివరి దాకా ‘తెల్ల రైతు కుటుంబం’ అనే రాశాను. ఒక్కచోట మాత్రం ‘సెట్లర్’ అని ఉంచాను. పద్నాలుగో ఏట బడి మానేసిన ఆ అమ్మాయి, తరవాతి రోజుల్లో సాలిస్‌బరీలో రాజకీయాల్లో తిరుగుతూ, తనవాళ్లను బయటి మనిషిలా చూడడం మొదలుపెట్టిన ఘట్టం అది. అక్కడ ఆ మాట గుచ్చుకోవాలి. క్యాంపు బిడ్డ గారు చెప్పినట్టు మా సభలో ఒకరిద్దరు కుర్చీలో సర్దుకుంటే సర్దుకోనివ్వండి. పుస్తకం పేరును తెలుగు చేయలేదు. ‘చర్మం కింద’ అంటే వైద్యశాస్త్రం పాఠంలా ఉంది; ‘నరనరాన’ అంటే సినిమా పాటలా ఉంది.

పీఠిక మీద మాత్రం తేల్చుకోలేక, మొదటి ఆరు పేజీలు మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మకు ఎనభై రెండేళ్లు. ఆత్మకూరు దగ్గర పల్లెలో పుట్టిన మనిషి. లెస్సింగ్ ఎవరో, ఆఫ్రికా ఎటువైపు ఉందో పట్టింపు లేదు. తల్లి మంచం ఎక్కిన ఘట్టానికి తల ఊపింది. అంతకుముందు ఇంటి వర్ణన దగ్గర ఆపమంది. నేను ఇక్కడ మొదట రాసిన వాక్యమే అది: పుట్టమన్నూ పేడా కలిపి నేల వేసుకున్నారు. ‘కొయ్యకాలాయన పుట్ట తవ్వాడా?’ అని అడిగింది. లేదమ్మా అన్నాను. ‘పియానో వాయించే ఆమె పేడ పిసికిందా?’ అంది. అదీ లేదన్నాను. ‘మరి వేసుకున్నారంటావేమిరా, వేయించుకున్నారు కదా’ అంది. తన చిన్నతనంలో పుట్టమన్ను తెచ్చి, నానబెట్టి, తొక్కి, దిమ్మిసతో కొట్టి, మూడు రోజులు వంగి అలికితే గాని ఒక గది నేల తయారయ్యేది కాదట. ఆ పనికి తమ ఇంటికి వచ్చే ఇద్దరి పేర్లు చెప్పింది, వాళ్లకు ఏం పెట్టేవారో కూడా చెప్పింది.

ఆ రాత్రి చిత్తుప్రతి మొత్తం మళ్లీ చూశాను. కట్టుకున్నారు, చెట్లు నరికారు, చేను చదును చేసుకున్నారు, బావి తవ్వుకున్నారు, నీళ్లు తెచ్చుకున్నారు. మన భాషలో చేసుకోవడానికీ చేయించుకోవడానికీ ఇంత స్పష్టమైన తేడా ఉండగా, కుదించే తొందరలో నేనే దాన్ని చెరిపేశాను. ఇంగ్లీషులో ‘వాళ్లు ఇల్లు కట్టారు’ అంటే చెల్లిపోతుంది, తెలుగులో ఎవరు కట్టారో చెప్పే వీలు క్రియలోనే ఉంది. పద్దెనిమిది చోట్ల క్రియలు మార్చాను. పీఠిక తీసేసి, చట్టం సంగతీ, 1896 సంగతీ చివర అర పేజీలో పెట్టాను. మెట్టపొగాకు గారు దీన్ని ఒప్పుకుంటారో లేదో తెలియదు. ప్రతి సిద్ధం కాగానే ముగ్గురికీ పంపుతాను. ‘వేయించుకున్నారు’ అనవలసిన చోట ‘వేసుకున్నారు’ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే గుర్తుపెట్టి పంపగలరు.